కాలువలో నీరు, తీగలో కరెంటు

బళ్ళారి జిల్లాలో రాత్రిపూట దీపాలు ఆరిపోతే తెలుగు ఇంట్లోనూ, కన్నడ ఇంట్లోనూ, ఉర్దూ ఇంట్లోనూ వినిపించే మాట ఒకటే. అది 'కరెంటు' అనే మాట. తెలుగువారు కరెంటు పోయిందంటారు, కాసేపటికి వచ్చిందంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు అసలు అర్థం పారుదల, ప్రవాహం. ఏటిలో పారే నీటికి వాడే మాటనే అక్కడివారు తీగలోని విద్యుత్తుకూ పెట్టుకున్నారు. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన 'విద్యుత్తు' అనే పదానికి మెరుపు అని అర్థం. మెరుపు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. కరెంటు పారుతూ ఉంటుంది. కంటికి కనిపించని వస్తువుకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మనుషులు కనిపించేదానితో పోల్చుకొని పేరు పెట్టారు.

ఇటువంటి పోలికను జాగ్రత్తగా, లెక్కతో సహా పెంచితే దానిని శాస్త్రంలో 'నమూనా' అంటారు. నమూనా అంటే అసలు వస్తువు కాదు. అసలు వస్తువులోని చాలా సంగతులను వదిలివేసి, కావలసిన కొన్నింటిని మాత్రమే ఉంచుకొన్న చిన్న రూపం.

గుంతకల్లు నుంచి హుబ్బళ్ళికి పోయే రైలుమార్గాన్నే చూడండి. కాలపట్టికలో గుంతకల్లు, బళ్ళారి, తోరణగల్లు, హొసపేట, కొప్పళ, గదగ అని ఊళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దారిలోని వంపులు, గుట్టలు, నల్లరేగడి పొలాలు, తుంగభద్ర మీది వంతెన, ఇవేవీ అందులో ఉండవు. ఇవన్నీ కూడా రాస్తే ఆ కాగితంలో తన ఊరి పేరు వెతుక్కోవడానికే ప్రయాణికుడికి ఒక పూట పడుతుంది. కొన్ని సంగతులు లేకపోవడం వల్లనే పట్టిక పనికివస్తున్నది. అయితే వంతెన కట్టవలసిన ఇంజనీరు ఆ పట్టికను చేత పట్టుకొని వెళితే నవ్వులపాలవుతాడు. అతనికి వేరే పటం కావాలి. ఏ నమూనా ఏ పనికో తెలియడం, నమూనా తెలియడమంత ముఖ్యం.

విద్యుత్తు విషయంలో అందరికీ అందుబాటులో ఉన్న నమూనా నీరు. అందులోనూ ఈ సరిహద్దు ప్రాంతపు పిల్లలకు అది చూసి చూసి అలవాటైనదే. 1945లో పునాది పడిన తుంగభద్ర ఆనకట్ట 1953 నాటికి పూర్తయింది. అది ఉన్న హొసపేట అప్పట్లో బళ్ళారి జిల్లాలోనిది. 2021 నుంచి విజయనగర జిల్లాలోనిది. కుడిగట్టున ఎగువ కాలువ, దిగువ కాలువ అని రెండు కాలువలు బయలుదేరి, బళ్ళారి ప్రాంతపు పొలాలను తడిపి, రాష్ట్రపు ఎల్లలు దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళతాయి. ఎగువ కాలువ అనంతపురం వైపు, దిగువ కాలువ కర్నూలు వైపు సాగుతాయి.

కాలువలో నీరు ఎందుకు పారుతుంది? మొదలు ఎత్తులో, చివర పల్లంలో ఉంది కాబట్టి. రెండుచోట్లా మట్టం సమానమైతే నీరు నిలిచిపోతుంది. ఎంత నీరు పారుతుందన్నది మట్టాల తేడాను బట్టీ, కాలువలోని అడ్డంకిని బట్టీ ఉంటుంది. వెడల్పైన కాలువలో నీరు హాయిగా పోతుంది. ఇరుకైనదానిలో, పూడిక పడి తుంగ మొలిచినదానిలో నెమ్మదిస్తుంది. తీగలోనూ ఇలాగే అనుకోవచ్చు. నీటి మట్టాల తేడాకు బదులు వోల్టేజి, పారే నీటికి బదులు విద్యుత్ ప్రవాహం, కాలువలోని అడ్డంకికి బదులు తీగ నిరోధం. లావు తీగకు నిరోధం తక్కువ, సన్నని తీగకు ఎక్కువ. పొడవు పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది. వోల్టేజిని వోల్టులలో, ప్రవాహాన్ని ఆంపియర్లలో, నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. పదో తరగతి పుస్తకంలో కనిపించే ఓమ్ నియమం ఇదే.

కాని కాలువ ఒకవైపే పోతుంది. పొలానికి చేరిన నీరు ఆనకట్టకు తిరిగి రాదు. విద్యుత్తు అలా కాదు. అది బయలుదేరిన చోటికి తిరిగి చేరే దారి ఉంటేనే కదులుతుంది. అందువల్ల కాలువకన్నా పాతకాలపు కపిల బావి మంచి నమూనా. ఎద్దులు తోలుబొక్కెనను పైకి లాగుతాయి, నీరు తొట్టిలో పడుతుంది. ఆ నీటిని పొలానికి కాక, చుట్టూ తిప్పి మళ్ళీ అదే బావిలోకి వదిలారనుకోండి. ఎద్దులు నీటిని కొత్తగా పుట్టించడం లేదు. ఉన్న నీటినే పైకి ఎత్తుతున్నాయి. టార్చిలైటులోని బ్యాటరీ చేసేది ఈ ఎద్దుల పనే. 'బ్యాటరీలో కరెంటు అయిపోయింది' అని అంటారు గాని, నిజానికి అయిపోయింది ఎద్దుల ఓపిక.

ఈ పోలికలు బడిపిల్లల కోసం తరువాత ఎవరో కల్పించినవి కావు. పెద్ద శాస్త్రజ్ఞులు కూడా వీటిని ఊతగా పట్టుకొనే నడిచారు. 18వ శతాబ్దంలో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును ఒక ద్రవంగా ఊహించాడు. అది ఎక్కువగా ఉన్నచోట ధనం, తక్కువగా ఉన్నచోట ఋణం అన్నాడు. కూడిక, తీసివేత గుర్తులు బ్యాటరీల మీద ఈనాటికీ కనిపించేది ఆ ఊహ వల్లనే. జర్మనీలో బడిపంతులుగా పనిచేసిన జార్జ్ సైమన్ ఓమ్ నీటిని కాక వేడిని నమూనాగా తీసుకున్నాడు. 1822లో ఫ్రాన్సు దేశపు ఫూరియే వేడి ఎలా ప్రసరిస్తుందో లెక్క కట్టి పుస్తకం రాశాడు. కాగుతున్న సాంబారులో పెట్టిన గరిటె కాడ మెల్లగా వేడెక్కినట్లే, తీగలో విద్యుత్తు కూడా ఒక కొన నుంచి ఇంకో కొనకు సాగుతుందని ఓమ్ ఊహించి, ప్రయోగాలు చేసి, 1827లో తన పుస్తకాన్ని ప్రచురించాడు. స్వదేశంలో దానిని మొదట అంతగా లెక్కచేయలేదు. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది.

అందరికన్నా చిత్రమైన కథ జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్‌ది. 1855-56లో ఆయన అయస్కాంత బలరేఖలను వివరించడానికి ఒక ద్రవాన్ని ఊహించాడు. ఊహించి, అలాంటి ద్రవం నిజంగా లేదని తానే స్పష్టంగా చెప్పాడు. 1861-62లో ఇంకా ముందుకు పోయి, గిరగిర తిరిగే సుడులనూ, వాటి మధ్య చిన్న చిన్న చక్రాల వంటి కణాలనూ కల్పించాడు. ఈ యంత్రంతో లెక్క కట్టగా కట్టగా, కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనన్న సత్యం బయటపడింది. 1865లో అచ్చయిన వ్యాసంలో ఆ సుడులూ లేవు, చక్రాలూ లేవు. సమీకరణాలు మాత్రమే ఉన్నాయి. గోడ కట్టేటప్పుడు నిలబెట్టిన సారువలను గోడ పూర్తయ్యాక విప్పేసినట్లు ఆయన వాటిని విప్పేశాడు. సారువలు లేకుండా గోడ లేవదు. సారువలే గోడ అనుకున్నా చిక్కే.

ఆ చిక్కు ఎలాంటిదో తెలియాలంటే ఊరి చివరి పొలానికి వెళ్ళాలి.

ఎగువ కాలువ కింద చివరి ఆయకట్టుకు నీరందదన్న గోడు బళ్ళారి జిల్లాలోనూ, అనంతపురం జిల్లాలోనూ చాలా పాతది. కారణాలు అందరికీ తెలుసు. పైనున్నవారు మడవలు పెద్దవి చేసుకుంటారు. కొంత నీరు నేలలోకి ఇంకుతుంది. కొంత ఎండకు ఆవిరైపోతుంది. అదే రైతు ఇంట్లో, కరెంటు లైను చివర ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, బోరు మోటారు మూలుగుతుంది. కాలువను చూసిన కళ్ళతో తీగను చూసి, 'దారిలోనే కరెంటు కారిపోతున్నది' అని అతడు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఇక్కడ కాలువ నమూనా అతన్ని సగం సరిగా, సగం తప్పుగా నడిపిస్తుంది.

మంచి తీగలో విద్యుత్ ప్రవాహం దారిలో ఇంకిపోదు, ఆవిరి కాదు. ఒక కొనలో ఎంత ప్రవేశిస్తే రెండో కొనలో అంతే బయటికి వస్తుంది. తగ్గేది వోల్టేజి. తీగకు ఉన్న నిరోధాన్ని దాటడానికే కొంత వోల్టేజి ఖర్చయిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 230 వోల్టులు ఉన్నాయనీ, పొలం దాకా పోయి తిరిగి వచ్చే తీగల నిరోధం మొత్తం 2 ఓమ్‌లనీ అనుకుందాం. లైనులో 10 ఆంపియర్లు పోతుంటే తీగ మింగేది 20 వోల్టులు. మోటారుకు 210 మిగులుతాయి. పొరుగు పొలంలోనూ మోటారు వేసి, ప్రవాహం 20 ఆంపియర్లయితే తీగ 40 వోల్టులు మింగుతుంది, మిగిలేవి 190. పైనున్నవారి వాడకం వల్ల కిందివారికి నష్టం కలిగే మాట నిజమే. కాలువ నమూనా ఆ మేరకు సరిగానే చెప్పింది. కాని నష్టం జరిగే తీరు వేరు. పొరుగువాడు ఇతని వంతు కరెంటును తోడుకోలేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తీగ ఇద్దరి ప్రవాహాన్నీ మోయలేక వోల్టేజిని తినేసింది.

తీరు వేరైతే మందు కూడా వేరు. కాలువ చివరికి నీరందాలంటే తూములకు కాపలా పెట్టాలి, కాలువకు సిమెంటు లైనింగు చేయాలి. లైను చివర వోల్టేజి నిలవాలంటే తీగ లావు పెంచాలి, లేదా ట్రాన్స్‌ఫార్మరును పొలాల దగ్గరికి తేవాలి. 11,000 వోల్టుల లైనును ఊరి దాకా తెచ్చి అక్కడ వోల్టేజి తగ్గించడం ఇందుకే. ఎక్కువ వోల్టేజితో పంపితే అంతే పనికి తక్కువ ప్రవాహం చాలు, తీగలో నష్టం తగ్గుతుంది. కర్ణాటకలో 'నిరంతర జ్యోతి' పథకం కింద పల్లెల్లో ఇళ్ళ లైనునూ, పంపుసెట్ల లైనునూ వేరుచేయడంలోనూ ఈ లెక్క కొంత ఉంది. తప్పు నమూనాను పట్టుకొన్న ఊరు పొరుగువాడితో జగడం పెట్టుకుంటుంది. సరైన నమూనా ఉన్న ఊరు ట్రాన్స్‌ఫార్మరు కోసం అర్జీ పెట్టుకుంటుంది.

ఇక మోటారు సంగతి. ఓమ్ నియమాన్ని బట్టి వోల్టేజి తగ్గితే ప్రవాహమూ తగ్గాలి. పాత గుండుబల్బు విషయంలో అది చాలావరకు నిజం. వోల్టేజి తగ్గితే బల్బు ఎర్రబారుతుంది గాని మాడిపోదు. అయితే తక్కువ వోల్టేజిలో బోరు మోటార్లు ఎందుకు కాలిపోతున్నాయి? తక్కువ కరెంటు పోతే చల్లగా ఉండాలి కదా!

బల్బు వట్టి అడ్డంకి. మోటారు అలా కాదు. దాని మీద బావిలోని నీటి బరువు ఉంది. ఆ బరువును ఎత్తడానికి ఇంత పని అని ఒక లెక్క ఉంది. విద్యుత్తు చేసే పని వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వస్తుంది. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు తీసుకొనే మోటారు చేసే పని 2300 వాట్లు. అంటే సుమారు 3 హార్స్‌పవర్. వోల్టేజి 190కి పడిపోయినా బరువు అలాగే ఉంది. ఆ పనిని నెరవేర్చడానికి మోటారు 12 ఆంపియర్లకు పైగా లాగుతుంది. తీగచుట్టలలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ప్రవాహం రెండింతలైతే వేడి నాలుగింతలు. ఇక్కడ ప్రవాహం 10 నుంచి 12కు పెరిగినందుకే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. రెండు గంటలు అలా నడిస్తే చుట్టల మీది పూత కరిగి మోటారు కాలిపోవచ్చు. ఎండాకాలంలో మోటారు చుట్టించే దుకాణాల ముందు వరుస కట్టిన రైతుల నష్టానికి ఒక కారణం ఈ చిన్న హెచ్చవేతలో ఉంది. నిజమైన మోటారులో ఇంకా కొన్ని చిక్కులుంటాయి. పొలాల్లో ఎక్కువగా ఉండేవి మూడు ఫేజుల మోటార్లు. పై లెక్క వాటిని వదిలేసింది. అంటే ఆ లెక్క కూడా ఒక నమూనాయే. మోటారు ఎందుకు కాలుతుందో తెలుసుకోవడానికి అది చాలు. మోటారు తయారుచేయడానికి చాలదు.

నమూనా మాటల్లో కూడా తప్పుదారి పట్టించగలదు. తుంగభద్ర ఆనకట్టకు 33 గేట్లు ఉన్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ ఖాళీలోంచి నీరు ఉరకలు వేస్తూ నదిలోకి పోయింది. ప్రవహిస్తున్న నీటిలోనే స్టాప్‌లాగు దించి దానిని అడ్డగించడానికి ఇంజనీర్లకూ, కార్మికులకూ వారం రోజులు పట్టింది. నీటి విషయంలో గేటు తెరిస్తే ప్రవాహం, మూస్తే ఆగడం. ఏదైనా తెగితే వరద. విద్యుత్తు విషయంలో అంతా తలకిందులు. వలయం మూసి ఉంటేనే ప్రవాహం ఉంటుంది. తెరిస్తే ఆగుతుంది. తీగ తెగితే కరెంటు కిందికి ధారగా కారదు, దీపం ఆరిపోతుంది. కొళాయి 'తెరవడం', స్విచ్చి 'వేయడం' అని తెలుగులో రెండు వేర్వేరు మాటలు ఉండడం ఈ విషయంలో మేలే చేసింది.

వేగం విషయంలో కూడా పిల్లలు పొరబడుతుంటారు. స్విచ్చి వేసిన వెంటనే దీపం వెలుగుతుంది కాబట్టి తీగలోని కణాలు మెరుపువేగంతో పరుగెత్తుతాయనుకుంటారు. 1897లో జె. జె. థామ్సన్ కనుగొన్న ఎలక్ట్రాన్లే రాగితీగలో కదిలే కణాలు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మందం గల రాగితీగలో బ్యాటరీ నుంచి ఒక ఆంపియరు పోతుంటే, ఎలక్ట్రాన్లు సగటున ముందుకు జరిగేది సెకనుకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. గంటకు ఒక జానెడు దూరం కూడా దాటవు. చీమ ఎన్నో రెట్లు నయం! ఇంట్లోని కరెంటులోనైతే అవి సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయే గాని ఎక్కడికీ పోవు. మరి దీపం వెంటనే ఎలా వెలిగింది? సైకిలు పెడలు తొక్కగానే వెనక చక్రం కదలడానికి గొలుసు మొదటి కొక్కెం చక్రం దాకా ప్రయాణం చేయనవసరం లేదు. గొలుసు అంతా ఒక్కసారిగా కదులుతుంది. తీగలో ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి. ఎండిన కాలువకు నీరు వదిలితే చివరికి చేరడానికి రోజులు పట్టవచ్చు. తీగ ఎండిన కాలువ కాదు. ఈ ఎలక్ట్రాన్లు ఋణ విద్యుత్తు గలవి కావడంతో, అవి కదిలే దిక్కు పుస్తకాలలో ప్రవాహానికి గీసే బాణానికి ఎదురుగా ఉందని తేలింది. లెక్కలకు దానివల్ల లోపం రాదు కనుక ఫ్రాంక్లిన్ నాటి బాణాన్ని అలాగే ఉంచేశారు.

ఇన్ని లోపాలున్న నీటి నమూనా ప్రాణాలు కాపాడే చోటు ఒకటి ఉంది. కరెంటు తీగ మీద పిచ్చుకలు వరుసగా కూర్చుని ఉంటాయి. వాటికేమీ కాదు. పిచ్చుక రెండు కాళ్ళూ ఒకే తీగ మీద, దాదాపు ఒకే మట్టంలో ఉన్నాయి. మట్టంలో తేడా లేనిచోట ప్రవాహం లేదు. నేలమీద నిలబడి అదే తీగను తాకిన మనిషి సంగతి వేరు. చేయి ఆనకట్ట ఎత్తులో, పాదం పల్లంలో ఉన్నట్టు. ఒళ్ళే కాలువ అవుతుంది.

వానాకాలంలో గాలికి తీగ తెగి తడినేల మీద పడినప్పుడు చాలామంది తీగను ముట్టకపోతే చాలు అనుకుంటారు. చాలదు. అక్కడ దీపం ఆరినా తీగలో వోల్టేజి ఉండవచ్చు. తెగిన కొన నేలను తాకితే ఆ నేల గుండానే విద్యుత్తుకు తిరుగుదారి దొరుకుతుంది. గట్టు తెగినచోట నీరు నాలుగు వైపులా పరచుకున్నట్లు, తీగ పడిన చోటు నుంచి వోల్టేజి నాలుగు వైపులా వాలుగా తగ్గుతూ పోతుంది. దగ్గరలో ఆ వాలు చాలా నిటారుగా ఉంటుంది. అక్కడ ఒక అడుగు ముందు, ఒక అడుగు వెనుక వేసిన మనిషి రెండు పాదాలూ రెండు మట్టాలలో ఉంటాయి. ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కావడం వల్ల ఎద్దులు, బర్రెలు ఇటువంటి చోట్ల తేలికగా ప్రాణం పోగొట్టుకుంటాయి. అందుచేత తెగిన తీగకు దూరంగా ఉండి లైన్‌మ్యానుకు కబురు పంపాలి. తెలియక దగ్గరికి వెళ్ళి ఉంటే పరుగెత్తకూడదు, పెద్ద అంగలు వేయకూడదు. రెండు పాదాలను ఒకదానికొకటి ఆనించి, నేలమీద నుంచి ఎత్తకుండా కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వెనక్కి రావాలి.